నేను ఖాళీగా వదిలిన కుర్చీ

రాజకీయాల్లో విలువలంటే నాయకుణ్ణి వదలకపోవడమేనని చాలా ఏళ్లు నమ్మాను. ప్రతిపక్షమంటే మన ప్రభుత్వం వచ్చేదాకా ఓపిక పట్టడమేనని కూడా నమ్మాను. ఈ రెండు నమ్మకాలతోనే వడమాలపేట మండలంలో జెండా మోశాను, ఒక దఫా ఎంపీటీసీగా గెలిచాను. రెండూ మూర్ఖత్వమేనని తెలిసేసరికి పదవి పోయింది, వయసూ పోయింది. ఇప్పుడు ఏ పార్టీలోనూ లేను. దాచుకోవాల్సిందీ లేదు.

1983లో ఎన్టీఆర్ తిరుపతి నుంచి పోటీ చేసినప్పుడు నేను కుర్రవాణ్ణి. 1984 ఆగస్టు 16న ఆయన్ను దించి నాదెండ్ల భాస్కరరావు గారిని ముఖ్యమంత్రిని చేస్తే, పుత్తూరులో రోడ్డెక్కిన వాళ్లలో నేనూ ఉన్నాను. జనం ఎన్నుకున్న మనిషిని నాలుగు గోడల మధ్య ఎట్లా మారుస్తారని గొంతు పోయేలా అరిచాను. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయినప్పుడు మా ఇంట్లో పండగ చేసుకున్నాం.

పదకొండేళ్లకు, 1995 ఆగస్టులో, అదే ప్రశ్న మళ్లీ అడగాల్సి వచ్చింది. అంతకుముందు డిసెంబరులోనే ఇంటింటికీ తిరిగి ఎన్టీఆర్ పేరు చెప్పి ఓట్లు అడిగినవాణ్ణి నేను. ఎన్టీఆర్‌ను కాదన్న ఎమ్మెల్యేలు హైదరాబాదులో వైస్రాయ్ హోటల్ చేరారు. సెప్టెంబరు 1న చంద్రబాబు నాయుడు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆ వారమంతా నేను చేసింది ఒక్కటే: పుత్తూరులో ఎస్టీడీ బూతు ముందు నిలబడి, ఎక్కువమంది ఎటు పోతున్నారో కనుక్కోవడం. లెక్క తేలాక ఇంట్లో గోడ మీది పటం మార్చాను.

ఆ మార్పు మంచిదా చెడ్డదా అని నేను తీర్పు చెప్పబోవడం లేదు. ప్రభుత్వంలో ఎన్టీఆర్ భార్య లక్ష్మీపార్వతి గారి జోక్యం పెరిగిందని, పార్టీని నిలబెట్టుకోవడానికే చేశామని ఒక పక్షం చెప్పింది. వెన్నుపోటని ఎన్టీఆర్ అన్నారు. ఆ రెండు మాటల్లో దేన్నీ నేను తూచి చూడలేదు. ఓటేసిన వాళ్ల దగ్గరికి పోయి, ఫలానా కారణానికి నేను ఇటు నిలబడుతున్నానని చెప్పలేదు. ఎవరైనా అడుగుతారేమోనని కొన్నాళ్లు కొన్ని వీధుల్లో నడవడమే మానేశాను. 1984లో నేను అరిచింది ప్రజాస్వామ్యం కోసం కాదని, నా మనిషి కుర్చీ కోసమేనని అప్పుడే నాకు తెలిసి ఉండాల్సింది. తెలియలేదు. 1996 జనవరి 18న ఎన్టీఆర్ పోయారన్న వార్త విన్నప్పుడు కూడా, దుఃఖపడ్డానే గానీ నన్ను నేను ప్రశ్నించుకోలేదు.

పదవి పోయాక పాత సంగతులు చదవడం మొదలుపెట్టాను. 1959లో సహకార వ్యవసాయం మీద కాంగ్రెస్ చేసిన నాగపూర్ తీర్మానం రైతుకు చేటని ఎన్.జి.రంగా బాహాటంగా చెప్పి, ఆ పార్టీ వదిలి, స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. అనంతశయనం అయ్యంగార్ గవర్నరుగా వెళ్లాక ఖాళీ అయిన మన చిత్తూరు లోక్‌సభ స్థానంలో ఉప ఎన్నికలో గెలిచిందీ ఆయనే. తర్వాత మళ్లీ కాంగ్రెస్‌లోకే వెళ్లారు, అదీ నిజమే. పుచ్చలపల్లి సుందరయ్య తన పార్టీ పోకడ నచ్చక ప్రధాన కార్యదర్శి పదవి వదులుకున్నారు, కారణాలు రాసి మరీ. మన సీమ బిడ్డ తరిమెల నాగిరెడ్డి శాసనసభ మీద నమ్మకం పోయిందని 1969లో సభలోనే చెప్పి, సభ్యత్వానికి రాజీనామా చేశారు. ఆయన దారి నాది కాదు. కానీ నమ్మకం లేని కుర్చీని ఆయన పట్టుకుని కూర్చోలేదు.

ఈ మాట నాకు గుచ్చుకుంటుంది, ఎందుకంటే నేను సరిగ్గా దానికి ఎదురు చేశాను. మేం ప్రతిపక్షంలో ఉన్న రోజుల్లో, అధికార పక్షం అవమానిస్తోందని, మండల పరిషత్ సర్వసభ్య సమావేశాలకు పోకూడదని మా వాళ్లు నిర్ణయించారు. రాజీనామా చెయ్యలేదు, సమావేశానికీ పోలేదు. దానికి నేను పెట్టుకున్న పేరు ఆత్మగౌరవం. అది ఎండాకాలం. మా ఊళ్లో తాగునీటి బోరు ఎండిపోయి, ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియకుండా ఉంది. బిందె పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దావిడ నన్ను ఆపింది. "మీటింగులో మన నీళ్ల సంగతి అడిగితివా నాయినా?" పోలేదని, మా పార్టీ బహిష్కరించిందని చెప్పాను. "మేం నిన్ను బహిష్కరించలేదు కదా," అంది. కోపంగా అనలేదు, నిజంగానే అర్థంకాక అడిగింది. అప్పుడు కూడా నాకు కోపమే వచ్చింది. ముసలామెకు రాజకీయం తెలియదనుకున్నాను.

మా వైపు గెలుపోటముల మధ్య ఎంత దూరముండేదో నాకు తెలియనిది కాదు. మా నగరి నియోజకవర్గంలో 2014లో తేడా 858 ఓట్లు, 2019లో 2,708. ఓడిన వైపు నిలబడ్డవాళ్లు ఇంచుమించు సగం జనం. వాళ్ల కుర్చీలో మనిషి లేకపోతే, ఆ సగం ఊరికి నోరు లేనట్టే.

రాష్ట్రంలోనూ ఇదే చూస్తున్నాను. ఫిరాయించిన ఎమ్మెల్యేలపై చర్య తీసుకోలేదని 2017 నవంబరు నుంచి వైఎస్సార్‌సీపీ సభకు పోలేదు. ఫిరాయింపుల మీద వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. 2021 నవంబరు 19న చంద్రబాబు గారు సభలో అవమానం జరిగిందని, మళ్లీ ముఖ్యమంత్రిగానే సభకు వస్తానని వెళ్లిపోయారు. ఆ రోజు ఆయన పడ్డ బాధా నిజమే. 2024లో 175 స్థానాల్లో 11 గెలిచిన వైఎస్సార్‌సీపీ ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని దూరంగా ఉంటోంది. 2021లో నేను చప్పట్లు కొట్టాను, 2024 తర్వాత తిట్టాను. రెండుసార్లూ నేను చూసింది నాయకుడి ముఖమే. హోదా లేకున్నా ప్రశ్న అడగొచ్చు. అవమానం జరిగినా అడగొచ్చు. పదకొండు మంది కూడా పోవాల్సిందే.

ఈ మధ్య వేరే పార్టీ ఎంపీటీసీ, మా వీధి కుర్రాడు, వచ్చి కూర్చున్నాడు. "మామా, మీటింగుకు పోవద్దంటా ఉండారు. ఏం చేసేది?" అన్నాడు. పొమ్మన్నాను. ఏ వీధిలో ఏ బోరు ఎండిందో రాసుకుని పొమ్మన్నాను. నీటి సరఫరా ఏఈ చెప్పిన జవాబు మినిట్స్ పుస్తకంలో ఎక్కేదాకా కుర్చీ దిగొద్దన్నాను. పార్టీ వాళ్లు ఒప్పుకోకపోతే, పోవద్దన్న కారణం కాగితం మీద రాసిమ్మని అడగమన్నాను. ఇస్తే, రచ్చబండ దగ్గర నలుగురి ముందూ దాన్ని చదివి వినిపించమన్నాను.