పదకొండు వందల పదహార్లు

మా మేనమామ కొడుకు ఇంగ్లండులో మత్తు డాక్టరు. యాభై దాటాక అక్కడి డాక్టర్లలో చాలామందికి పట్టే సైకిలు పిచ్చి బావకీ పట్టింది. ఊరికే తొక్కితే ఏం గొప్ప అనుకున్నాడో ఏమో, వాళ్ల ఊరి హాస్పిస్ కోసం లండన్ నుంచి పారిస్ దాకా తొక్కుతానని పేరిచ్చి, తోడుగా నన్నూ లాగాడు.

ఇక జబ్బు నయం కాదని తేలిపోయినవాళ్లు ఉన్నన్నాళ్లూ నొప్పి తెలియకుండా, తమవాళ్ల మధ్య గడిపే చోటు హాస్పిస్. 1967లో దక్షిణ లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ తెరిచిన సిసిలీ సాండర్స్‌తో ఈ తరహా వైద్యానికి ఒక రూపం వచ్చింది. ఆవిడ మొదట నర్సు. చావుకు దగ్గరైనవాళ్ల గురించి నర్సు చెబితే ఎవరూ వినరని, ముప్పై దాటాక డాక్టరీ చదివింది. అదీ పట్టుదలంటే. బ్రిటన్ హాస్పిస్‌లలో రోగి దగ్గర పైసా పుచ్చుకోరు. ఖర్చులో సర్కారు ఇచ్చేది మూడోవంతుకు కాస్త అటూ ఇటూ. మిగతాది పాత బట్టలమ్మే కొట్లూ, లాటరీలూ, మాలాంటివాళ్ల పిక్కలూ సంపాదించాలి.

న్యూహేవెన్ చేరేలోపే ససెక్స్ గుట్టలు నా ప్రాణం తోడేశాయి. ఓడెక్కి దియెప్‌లో దిగాక, ఫోర్జ్ లె జో వైపు పాత రైలుకట్ట మీద వేసిన సైకిలు బాట మాత్రం స్వర్గం. ఎత్తు లేదు, కారు లేదు, పక్కన మేస్తున్న ఆవులు తప్ప మనల్ని పట్టించుకునేవాళ్లు లేరు. మెత్త కుట్టిన నిక్కరు ఎంత ఖరీదుదైనా రెండో రోజుకి పనిచెయ్యదని మాత్రం ఎవరూ ముందు చెప్పరు. బావకి అవేం పట్టలేదు. ఆగినచోటల్లా ఫోన్ తీసి చందా ఎంతయిందో చూసుకునేవాడు.

అలా చూస్తూ ఒక రాత్రి భోజనాల దగ్గర గట్టిగా కేకేశాడు. గుంటూరు నుంచి మామయ్య పంపాడు. లివర్ కేన్సరు ముదిరి మంచంలో ఉన్న మనిషి, మనవరాలి కార్డు మీద పదకొండు వందల పదహార్లు కట్టించాడు. కింద రెండు ముక్కలు కూడా రాయించాడు: "అబ్బాయ్, అక్కడ గొట్టాలు పెట్టరటగా. అడిగితే ఇంటికి కూడా పంపుతారట. మంచి పని చేస్తున్నావు."

బావ కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను.

పారిస్‌లో ఈఫిల్ టవర్ దగ్గర హాస్పిస్ వాళ్లు మెడల్స్ పట్టుకుని నిలబడి ఉన్నారు. నాలుగు మాటలు చెప్పమంటే బావ ఫోన్ తీసి మామయ్య రాయించింది ఇంగ్లీషులో చదివి వినిపించాడు. "పోయే మనిషికి కావలసింది మిషన్లు కాదు, చెయ్యి పట్టుకునే మనిషి" అన్నాడు చివర్లో. చప్పట్లు చాలాసేపు మోగాయి. ఒక నర్సమ్మ వచ్చి కావలించుకుంది.

బావ చేతిలోని ఆ ఫోనే మోగింది. గుంటూరు. చెల్లెలు.

"అన్నయ్యా, నాన్నకి పొద్దున్నించీ ఊపిరాడట్లేదు. హాస్పిటల్‌కి తీసుకొచ్చాం. వెంటిలేటర్ పెట్టమంటారా, ఇంటికి తీసుకెళ్తారా అని అడుగుతున్నారు. నాన్నేమో ఇంటికి, ఇంటికి అంటున్నాడు."

"ఇంటికేమిటే, మతి పోయిందా నీకు? వెంటనే ట్యూబ్ వెయ్యమను. డబ్బు సంగతి నేను చూసుకుంటాను. నేను ఫ్లైట్ దిగేదాకా ఏదీ తియ్యొద్దని చెప్పు."

అవతల కాసేపు మాట లేదు.

"ఇప్పటికే మాస్కు పీకేసుకుంటున్నాడన్నయ్యా. చేతులు మంచానికి కట్టేస్తామంటున్నారు."

"కట్టెయ్యమను" అన్నాడు బావ.