కటీఫ్ కాండకు టీకా తాత్పర్యము

మూలము

"అది నాది! ఫస్ట్ నేనే తీస్కున్న. వీడు ఎప్పుడూ ఇట్లనే చేస్తడు. పో, నీతో కటీఫ్! మమ్మీకి చెప్త."

అవతారిక

సౌదీ అరేబియాలోని తబూకు నగరమున, ఒక అపార్ట్‌మెంటు రెండవ అంతస్తులో, గురువారపు రాత్రి నాలుగు తెలుగు కుటుంబములు కూడి బగారన్నము వండుకొనుచుండగా తివాచీపై పుట్టిన రచన ఇది. 2013 నుండి అచ్చట శుక్ర శనివారములు సెలవు గాన పెద్దలు తీరికగా నున్నారు. జనవరి చలి గాన పిల్లలు లోపలనే యున్నారు. కావ్యహేతువునకు ఈ రెండును చాలును. కవయిత్రి కరీంనగరమువారి పిల్ల, నాలుగున్నర యేండ్లు. ప్రతినాయకుడు గుంటూరువారి అబ్బాయి, ఐదు నిండినవి. ఛందస్సు ఏడుపు, యతి ముక్కు చీదినచోట.

ప్రతిపదార్థము

అది = తొట్టికి రెండు పళ్లు విరిగిన పసుపుపచ్చ జేసీబీ బొమ్మ; నాది = ఇప్పుడు నా చేతిలో ఉండవలసినది; ఫస్ట్ = వీడు చూడకమునుపే; ఎప్పుడూ = ఇందాక ఒకసారి; ఇట్లనే = గుంజుకొనుట; కటీఫ్ = అన్నములు పెట్టువరకు; మమ్మీకి చెప్త = మమ్మీ, వినబడుచున్నదా?

వ్యాఖ్య

"నాది" అనగా సొంత ఆస్తి యని కొందరు అర్థము చెప్పి, "షేర్ చేస్కోవాలమ్మా" అని ఉపదేశమునకు దిగుదురు. అది పొసగదు. బొమ్మ ఇంటివారిదని పిల్లకు తెలియును. ఆమె దిండు క్రింద మట్టి తవ్వుచుండెను. లారీ ఇంకను నిండలేదు. పని నడుమ తెగినందుకే ఆ దుఃఖము.

పూర్వపక్షములు మూడు. "ముందు సారీ చెప్పు" అనునది తల్లుల మతము. సారీ వచ్చును, లారీ నిండదు. "ఇద్దరికీ వద్దు, ఫ్రిజ్ మీద పెట్టేస్తా" అనునది తండ్రుల మతము. ఇందు న్యాయముకన్న చాయ్ చల్లారుననెడి తొందర యెక్కువ. "మావాడు పుట్టినప్పట్నుంచీ అంతే వదినా, మొండి" అనునది మూడవది, మిక్కిలి ప్రమాదకరము. ఈ మాట మూలమున ఎచ్చటను లేదు. మెదకు సీమ కొల్చారమువాడని చెప్పబడు మల్లినాథసూరి, ఆధారము లేని మాట తన టీకలో ఉండదని ప్రతిజ్ఞ చేసి కాళిదాసునకు సంజీవని వ్రాసెను. మనమో, ఐదేండ్లవాని ఒక్క గుంజుడుకు జాతకము వ్రాయుదుము. వాడు పక్కనే నిలిచి వినుచుండును.

ఇక సిద్ధాంతము. ఆ యింటి ఆంటీ తివాచీపై కూర్చుండి, బొమ్మపై చేయి వేసి, మూలమును మాత్రమే తిరిగి చదివినది: "నువ్వు తవ్వుతున్నవ్, లారీ నిండలే. నువ్వు లారీ తోలుదామని చూస్తున్నవ్, అది ఖాళీగనే ఉంది. ఇప్పుడెట్ల?" పిమ్మట ఊరకున్నది. ఊరకుండుటయే ఈ శాస్త్రమున కష్టమైన ఘట్టము. వంటగదినుండి ముగ్గురు సలహాలు పంపుచుండిరి. చివరకు అబ్బాయి, "తను పదిసార్లు నింపుద్ది, తర్వాత నేను" అనెను. పిల్ల ఏడు తరువాత తొమ్మిది లెక్కించినది. ఎవ్వరును దిద్దలేదు.

విశేషము

చికాగోలో పిల్లలకు చదువు చెప్పిన వివియన్ పేలీ, "నిన్ను ఆడనివ్వం అనకూడదు" అను నియమమును తన తరగతిలో పెట్టి, ఆ కథను 1992లో పుస్తకముగా వెలువరించెను. పై తరగతుల పిల్లలను అడుగగా, న్యాయమే గాని సాగుట కష్టమనిరట. తబూకులో ఆ నియమమునకు వేరొక బలము గలదు. విదేశీయుల కుటుంబములపై ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్లతో 2017 జూలైలో మొదలైన రుసుము 2020 నాటికి 400 అయినది. తండ్రి ఇకామాతో, అనగా నివాసపు అనుమతితో, అచ్చటనే ఉండిపోయి, తల్లీపిల్లలు ఊరు చేరిన ఇండ్లు అనేకము. మిగిలినవారిలో తెలుగు మాటలాడు ఈడు పిల్లలు ఇద్దరో ముగ్గురో. అట్టిచోట కటీఫ్ చెప్పినచో, మరునాడు ఆడుకొనుటకు మరల వానియొద్దకే పోవలెను. పిల్లలు ఇది త్వరగానే గ్రహింతురు. పెద్దలు మాత్రము, పిల్లలు కలిసిపోయినను, రెండు వారములు వాట్సాప్‌లో ఒకరికొకరు గుడ్ మార్నింగ్ పెట్టుకొనరు.

తాత్పర్యము

లారీ నిండలేదు.

ఫలశ్రుతి

ఈ టీకను చదివినవారికి కలుగు పుణ్యమెట్టిదో చెప్పజాలము గాని, బొమ్మను ఫ్రిజ్ మీద పెట్టినవారెవరైనను భోజనమునకు ముందే దానిని క్రిందికి దింపవలసినదిగా ప్రార్థన.