అల్లుడి బాకీ

అల్లుడి చేత కాఫీ పెట్టించుకోవచ్చు గానీ బాకీ మాత్రం పడకూడదన్నది రాజమండ్రి లెక్కల మాస్టారి సిద్ధాంతం. అది సింగపూర్‌లో కూతురింటికి వెళ్ళినప్పుడు తలకిందులైంది.

లిటిల్ ఇండియాలో ఒక దుకాణంలో సూట్‌కేసు కొని కార్డిచ్చారు. బిల్లు రూపాయల్లోనా, డాలర్లలోనా అని మిషన్ అడిగింది. పరాయి గడ్డమీద రూపాయి పలకరిస్తే దేశభక్తుడు కాదంటాడా? రూపాయలే నొక్కారు. ఆ బటన్ వెనకున్న మారకం రేటులో అవతలివాళ్ళ లాభం ముందే కలిసి ఉంటుంది. డాలర్లు నొక్కినా మన బ్యాంకు ఊరుకోదనుకోండి. చాలా కార్డులకు 3.5 శాతం మార్కప్, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. పదివేలకు 413 రూపాయలు. అయినా సాధారణంగా డాలర్లు నొక్కడమే నయం.

ఆ దెబ్బతో మాస్టారు కార్డు బయటికి తీయలేదు. మిగతా ఖర్చంతా అల్లుడే పెట్టాడు. ఊరొచ్చి లెక్కేస్తే నలభై వేలు తేలింది.

"ఇప్పుడవన్నీ ఎందుకు మావయ్యగారూ!"

"లెక్క లెక్కే బాబూ."

వీధి చివర మనీ ట్రాన్స్‌ఫర్ బోర్డున్న కొట్టుకెళ్ళారు. "ఇక్కడికి రావడమేగానీ పోవడం ఉండదు మాస్టారూ" అన్నాడు కుర్రాడు. నిజమే. రిజర్వు బ్యాంకు ఆ మనీ ట్రాన్స్‌ఫర్ పథకాన్ని విదేశాల నుంచి డబ్బు రావడానికే అనుమతించింది.

బ్యాంకుకెళ్తే, విదేశానికి పంపాలంటే ఏ2 ఫారం, పాన్ కార్డు కావాలన్నారు. "ఫీజు సంగతి సరే, అవతల ఎన్ని డాలర్లు అందుతాయి?" అన్నారు మాస్టారు. గుమస్తా తల గోక్కున్నాడు. బ్యాంకుల మధ్య స్విఫ్ట్ దారిలో విదేశాలకు వెళ్ళే డబ్బు పెళ్ళి బంతిలో నెయ్యి గిన్నె లాంటిది, మధ్య బ్యాంకుల చేతులు మారేకొద్దీ తరుగుతుంది. ఫీజు సున్నా అని ఊరించేవాళ్ళు రేటులో లాగేసుకోవడమూ కద్దు. కాబట్టి మాస్టారి ప్రశ్నే అసలు ప్రశ్న.

చివరికి దారి ఆయన ఫోన్‌లోనే దొరికింది. 2023 ఫిబ్రవరి 21న మన యూపీఐని సింగపూర్‌లో అలాంటిదే అయిన పేనౌతో కలిపారు. అక్కడి ఫోన్ నంబరు కొడితే ఇక్కడ రూపాయలు తగ్గి, అక్కడ డాలర్లు చేరతాయి. మొదలుపెట్టినప్పుడు పెట్టిన పరిమితి రోజుకు 60,000 రూపాయలు. మాస్టారి బాకీ ఒక్క దెబ్బకు తీరింది.

సింగపూర్‌లో మీవాళ్ళుంటే ముందు మీ బ్యాంకును అడగండి, ఈ సౌకర్యం అన్ని బ్యాంకుల్లోనూ లేదు.