గుంజ పాతితే గుడారం, ఇటుక పేరిస్తే నేరం

పెన్నమ్మా, నువ్వు కొంచెం పక్కకు జరగాలి. సెల్ఫీలో పడటం లేదంట. యుగాలుగా ఎర్రమల కొండల్ని కోసుకుంటూ ఊరికే పారావు గానీ, శనివారం బెంగళూరు నుంచి బయల్దేరి వచ్చేవాళ్లకు ఒక మంచి యాంగిల్ ఇద్దామన్న ఇంగితం నీకు లేకపాయె!

జరగడానికి చోటేదని అడగొద్దు. పైన గండికోట కట్ట, కింద మైలవరం కట్ట. తలా కాళ్లూ కట్టేసి నడుమును పర్యాటకానికి వదిలాం. పై కట్టలో 26.85 టీఎంసీలు నింపే పట్టుదలలో 2020లో తాళ్లప్రొద్దుటూరును ఖాళీ చేయించాం. ఒక ప్రొద్దుటూరు బంగారంగళ్లతో మెరుస్తోంది, ఇంకో ప్రొద్దుటూరు నీళ్లలో నానుతోంది. దాన్ని చూడ్డానికి ఇంకా టికెట్ పెట్టలేదెందుకో. బోటు షికారును అటువైపు తిప్పితే ఆ లోటూ తీరుతుంది.

డబ్బుకు కొదవ లేదు. 2024లో కేంద్రం గండికోటకు దాదాపు 78 కోట్లు మంజూరు చేసింది. అది కూడా రాష్ట్రానికి 50 ఏళ్ల గడువుతో, వడ్డీ లేకుండా ఇచ్చే అప్పు. అలాంటి అప్పు ప్రొద్దుటూరు షావుకార్లు కలలో కూడా ఇచ్చి ఉండరు.

కోట లోపలే ఒక ఊరుంది. రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం కూడదు, ఆపైన ఇంకో 200 మీటర్లదాకా అనుమతి కావాలి. మంచి చట్టమే. అది లేకుంటే కోటలోని ధాన్యాగారాన్ని ఎప్పుడో కల్యాణమండపం చేసేసుండేవాళ్లం. కాకపోతే ఆ చట్టం చూపే కాస్త విచిత్రం. ఊళ్లోవాడు కూలిన గోడకు నాలుగు ఇటుకలు పేరిస్తే ఇట్టే కనిపిస్తాయి. లోయ అంచున రాత్రికి రాత్రి లేచే గుడారాలు, వాటి పక్కన దద్దరిల్లే స్పీకర్లు కనిపించవు. తెల్లారాక బండ సందుల్లో చిప్సు కవర్లు, సీసా పెంకులు. మాధవరాయస్వామి గుడి గోడమీద బాణం గుచ్చుకున్న గుండె బొమ్మ, దానికి అటొక పేరు, ఇటొక పేరు. గర్భగుడిలో మూలవిరాట్టు లేడు. ఉన్నా ఆ పాటలకు ఎప్పుడో లేచిపోయేవాడు.

పులివెందుల వైపు, వేంపల్లె దగ్గర పాపఘ్ని చీల్చిన గండిలో వీరాంజనేయుడున్నాడు. అక్కడ కొండకూ కొండకూ మధ్య బంగారు తోరణముందని, చావు దగ్గరపడ్డవాళ్లకే అది కనిపిస్తుందని చెప్పుకుంటారు. మన్రో దొరకు కనిపించిందట, 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. ఇప్పుడు గండికోట లోయమీద తోరణం అందరికీ కనిపిస్తోంది. ఒకరికి గాజు వంతెనలా, ఇంకొకరికి తీగమీద నడిచే పెట్టెలా, మరొకరికి అంచునే లేచిన రిసార్టులా. అప్పుడు చూసినవాడే పోయాడు. ఇప్పుడు చూసేది మనం, పోయేది లోయ.

పోనీ, కోటలో మేకలు కాసే అవ్వ దగ్గరకు పోయి, "అవ్వా, అభివృద్ధి వస్తాంది" అని చెప్పి చూడండి.

"రానీ నాయనా! వచ్చినోళ్లు చెంబట్టుకోని యాడికి పోవాల్నో అది మాత్రం చెప్పి పంపండి. అందరూ మా చేన్లోకే వస్తాండారు."