విమానాలు లేని విమానాల కంపెనీ

2025 డిసెంబరులో పౌర విమానయాన శాఖ మరో రెండు కొత్త ఎయిర్‌లైన్స్‌కు ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) ఇచ్చేసింది. అల్‌హింద్ ఎయిర్ కేరళది, ఫ్లైఎక్స్‌ప్రెస్ మన హైదరాబాద్‌ది. ఉత్తరప్రదేశ్ వాళ్ల శంఖ్ ఎయిర్‌కు 2024లోనే ఇచ్చారు. మూడు సంస్థల వాళ్లతోనూ మాట్లాడానని మంత్రి రామ్మోహన్ నాయుడు గారు సంతోషంగా చెప్పుకున్నారు. ఆ నెల మొదట్లో ఇండిగో కొట్టిన దెబ్బకు ఇదన్నమాట మందు.

మంచిదే. నేనూ ఒక చౌక విమాన సంస్థ పెడుతున్నాను. పేరు ఇంకా ఖాయం కాలేదు గానీ ఏ రకం విమానం వాడాలన్నది మాత్రం తేల్చేశాను. ఏదీ వాడను.

నవ్వకండి, లెక్క చూడండి. 2013లో మన విజయవాడ నుంచి ఎయిర్ కోస్టా లేచింది. అందరూ ఎయిర్‌బస్సులూ బోయింగులూ అంటుంటే ఎంబ్రేయర్ జెట్లు తెచ్చింది. మరుసటి ఏడు సింగపూర్ ఎయిర్‌షోలో ఇంకో యాభైకి ఆర్డరు కూడా పెట్టింది. 2017 ఫిబ్రవరికల్లా దుకాణం బంద్. 2015లో హైదరాబాద్ ట్రూజెట్ రెక్కలకు పంకాలున్న ఏటీఆర్‌లతో వచ్చింది, కడపకీ నాందేడ్‌కీ తిరిగింది, 2022లో ఆగిపోయింది. కింగ్‌ఫిషర్, జెట్, గో ఫస్ట్... పెద్దవాళ్లదీ అదే దారి. మేధావులు ఇంధనం ధర అంటారు, డాలరు అంటారు, అద్దెలంటారు. ఇన్ని శవాలకూ పోస్ట్‌మార్టం చేస్తే నాకు కనిపించిన జబ్బు ఒక్కటే: అందరి దగ్గరా విమానాలున్నాయి.

గో ఫస్ట్ పాపం ఇంజన్లు మొరాయించి సగం విమానాలు నేల మీదే ఉండిపోయాయని దివాలా పిటిషన్ వేసింది. మా సంస్థలో సగంతో ఆగడం ఉండదు. మొదటి రోజు నుంచే మొత్తం నేల మీదే.

టికెట్ 999. సీటు మీరు ఎంచుకుంటే అదనం. కిటికీ సీటుకు ఇంకాస్త అదనం. విమానమే లేకపోతే కిటికీ ఎక్కడిదంటారా? ఇప్పుడు మాత్రం కిటికీ సీటని డబ్బు గుంజి, తీరా వెళ్తే గోడ పక్కన కూర్చోబెట్టడం లేదూ? 15 కిలోల సామాను కౌంటర్లో తీసుకుంటాం. మూడు రోజులు పోయాక అదే ఊళ్లో, అదే బెల్టు మీద తిరిగిస్తాం. కప్పు ఉప్మా ఉంటుంది. వేడినీళ్లు పోసి, రేకు మూత మళ్లీ అంటించి, గట్టిపడ్డ రవ్వ ప్లాస్టిక్ చెంచాకు లొంగుతుందో లేదో చూస్తుండగా ‘అనివార్య కారణాల వల్ల’ అంటూ మైకు మోగుతుంది. ఓపిక ఉన్నవాళ్లను గేటు దగ్గర ఏసీ బస్సెక్కించి, ఆగి ఉన్న వేరే కంపెనీల విమానాల మధ్య ఒక చుట్టు తిప్పి, మళ్లీ అదే గేటు దగ్గర దించుతాం. పిల్లలకు సరదా. ఆలస్యం అన్న మాటే ఉండదు. టైముకు బయల్దేరే సంస్థల జాబితాలో మేం ఎన్నో నంబరులో ఉంటామో మీరే ఊహించుకోండి.

ఇది నడుస్తుందా అని అనుమానపడేవాళ్లకు ఒకటే మాట. నడిచింది. నాకు పైసా ఖర్చు లేకుండా ఇండిగోయే దేశమంతటా ట్రయల్ వేసి చూపించింది. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా సర్వీసులు రద్దు. బోర్డింగ్ పాసు ఉంది, గేటు ఉంది, క్యూ ఉంది, విమానమొక్కటే లేదు. అచ్చంగా నా మోడలే! శంషాబాద్‌లో అయ్యప్ప స్వాములు ధర్నాకు కూర్చున్నారు. హుబ్బళ్లిలో ఒక కొత్త జంట సొంత రిసెప్షన్‌కు భువనేశ్వర్ నుంచి వీడియోలో హాజరైంది. వేదిక మీద వాళ్ల కుర్చీల్లో అమ్మానాన్నలు కూర్చుని అక్షింతలు వేయించుకున్నారు. దీన్ని మేం ప్రీమియం ప్యాకేజీగా పెడుతున్నాం.

అనుమతులంటారా, ఎన్‌ఓసీ చాలు. దాంతో ఎగరడం కుదరదు. ఎగరాలంటే విమానాలూ పైలట్లూ ఇంజనీర్లూ చూపించి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర ఇంకో సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. నాకు ఎగిరే ఉద్దేశమే లేదు కనుక ఆ బాధా లేదు. శంఖ్ ఎయిర్‌కు కాగితం వచ్చి ఏడాది దాటినా 2025 డిసెంబరు నాటికి శంఖం ఊదలేదు. మంత్రిగారు మురిసిపోయిన మూడు సంస్థలూ అప్పటికి నా మోడల్లోనే ఉన్నాయి.

పైలట్లుండరు కాబట్టి వాళ్ల నిద్ర గొడవా మాకుండదు.

అసలు గొడవంతా ఆ నిద్ర దగ్గరే కదా. వారానికి 36 గంటల విశ్రాంతిని 48 చేయాలని, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గించాలని నిబంధన వచ్చింది 2024 జనవరిలో. పూర్తిగా అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 1న. మధ్యలో 22 నెలలు. మార్కెట్లో అరవై శాతానికి పైగా చేతిలో పెట్టుకున్న ఇండిగో అన్నాళ్లలో సరిపడా పైలట్లను పెట్టుకోలేదు. అడగాల్సినవాళ్లు అడగలేదు. తీరా జనం ఎయిర్‌పోర్టు నేల మీద బ్యాగులు తలకింద పెట్టుకుని పడుకున్నాక డీజీసీఏ చేసిందేమిటి? రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి ఆ కంపెనీకే 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు! తప్పు చేసినవాడికి గడువు, కాక్‌పిట్‌లో కూర్చునేవాడికి నిద్ర కోత. సర్వీసు రద్దయితే తిట్టుకుంటాం, రీఫండ్ అడుగుతాం, రైలెక్కుతాం. అర్ధరాత్రి కళ్లు మూతలు పడుతున్న మనిషి చేత 180 మందిని దింపిస్తే, జరగరానిది జరిగితే, రీఫండ్ ఎవరడుగుతారు సార్?

కొత్త కంపెనీలకు కాగితాలు తర్వాత పంచుకోవచ్చు. ఆ 22 నెలలూ పైలట్ల లెక్క అడగకుండా కూర్చున్న పెద్దలెవరో, ఆ మినహాయింపు ఫైలు మీద సంతకం చేయమన్నదెవరో పేర్లు చెప్పండి. డీజీసీఏలో నలుగురు ఇన్‌స్పెక్టర్లను ఇంటికి పంపి చేతులు దులుపుకుంటే కుదరదు.