సూది కంటే ముందు టేపు

నేను కాలితో తొక్కే కుట్టుమిషనును. నా నెలవు పాయకరావుపేట. తాండవ నదికి ఆ ఒడ్డున తుని, ఈ ఒడ్డున మా ఊరు. మగ్గం మీద బట్ట నేసే ఊళ్లో ఆ బట్టను కుట్టే పని నాకు దక్కింది, అది నాకు గౌరవం. మా వంశంలో చెప్పుకోదగ్గ పేర్లు రెండు: 1846లో అమెరికాలో పేటెంటు పొందిన ఇలియాస్ హోవ్, 1851లో పొందిన ఐజాక్ సింగర్. యంత్రాలంటే గిట్టదని పేరుపడ్డ గాంధీజీ 1924లో మమ్మల్ని మాత్రం మినహాయించారు. భార్య చేత్తో కుట్టీ కుట్టీ అలసిపోతుంటే చూడలేక సింగర్ ఈ యంత్రం చేశాడని, దాని వెనక ప్రేమ ఉందని ఆయన నమ్మారు. చరిత్ర సింగర్‌ను అంతగా మెచ్చుకోదు, అతను లాభం చూసుకున్న వ్యాపారి. అయినా గాంధీజీ మాటలోని సారం నిలుస్తుంది. ఎదుటి మనిషి ఇబ్బందిని కళ్లారా చూసి, దానికి తగినట్టు చేసిన వస్తువే కానుక. రిటైరైనవాళ్లు తమవాళ్లకు ఏమివ్వాలన్న ప్రశ్నకు నా జవాబు ఇదే.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. ఎన్నేళ్లకు దిగినా మర్నాటి నుంచి రాబడి తగ్గుతుంది, తీరిక పెరుగుతుంది. కానుకల దగ్గరికి వచ్చేసరికి చాలామంది తగ్గినదాన్నే ఖర్చుపెట్టి, పెరిగినదాన్ని ముట్టుకోరు. మనిషికి తగిన కానుక చేయాలంటే ముందు కొలత తీసుకోవాలి, దానికి కావలసింది ఆ తీరికే. కొలత అంటే భుజం, నడుము, చేతి పొడవు మాత్రమే కాదు. అక్కకు భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదా? అయితే జాకెట్టు ముందువైపు తెరుచుకోవాలి, చంక దగ్గర వదులుండాలి. వేళ్ల కణుపులు వాచి హుక్కు పట్టుకోలేకపోతోందా? పెద్ద టిచ్ బటన్లు వేయాలి. బావగారు వాకర్ పట్టుకుని నడుస్తున్నారా? రెండు చేతులూ దానిమీదే ఉంటాయి కాబట్టి కళ్లజోడుకీ, ఫోనుకీ, మాత్రలకీ వేర్వేరు అరలు పెట్టి వాకర్‌కు కట్టే సంచి కుట్టాలి. దానికి అర మీటరు గట్టి బట్ట సరిపోతుంది. పుట్టబోయే మనవడికైతే కొత్త బట్ట కొననే అక్కర్లేదు. ఏళ్ల తరబడి ఉతికిన నూలు చీర మెత్తబడి ఉంటుంది, తడి పీలుస్తుంది, పసి ఒంటికి ఒరుసుకోదు. పొత్తిగుడ్డలకు, బొంతలకు మన ఇళ్లలో పాత చీరలు దాచింది పేదరికం వల్ల మాత్రమే కాదు, బట్ట గుణం తెలిసి. బొంత పొరలను చేత్తో కుట్టి, అంచులు నాకు వదిలితే చాలు.

ఇంతకంటే చవకగా బజార్లో దొరుకుతాయి కదా అంటారు. దొరుకుతాయి. కాని తయారీ బట్టలు సగటు ఒంటికి కుట్టినవి, వయసు మీదపడిన ఒళ్లు ఏదీ సగటు ఒళ్లు కాదు. డబ్బో బంగారమో ఇస్తే వాళ్లకు కావలసింది వాళ్లే కొనుక్కుంటారన్న మాట ఇంకా బలమైనది. కాలేజీ ఫీజు, ఆసుపత్రి ఖర్చు ఎదురుగా ఉన్నప్పుడు సంచి కుట్టి ఇవ్వడం తప్పే, అక్కడ డబ్బే ఇవ్వాలి. అయితే భుజం నొప్పి గమనించిన మనిషి ఒకరున్నారన్న సంగతి కవరులో పెట్టిన నోటు చెప్పలేదు.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసే అభ్యంతరం వేరే ఉంది. కుట్టేది ఎవరు? ఇంటి ఆడవాళ్లకు రిటైర్మెంటే లేదు. వంటకీ మనవల పెంపకానికీ తోడు కానుకల కుట్టు కూడా నెత్తిన పడితే అది ప్రేమ కాదు, వెట్టి. ఈ మాటను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అందుకే నా ముందు మగవాళ్లు కూర్చోవాలంటాను. మన ఊళ్లలో దర్జీలుగా తరతరాలుగా మగవాళ్లున్నారు, కాబట్టి సూదీదారం మగతనానికి లోటని ఎవరూ అనలేరు. ఉద్యోగం చేసిన రోజుల్లో భార్య జాకెట్టు కొలత తెలియని భర్తకు ఇప్పుడు తెలుసుకునే వీలుంది.

చూపు ఆనకో, చేతులు వణికో కుట్టలేనివాళ్లు కొనే కానుకను ఎంచుకోవచ్చు, దానికీ కొలతే ఆధారం. మా పాయకరావుపేట నియోజకవర్గంలోనే, ఎస్.రాయవరం మండలంలో, వరాహ నది దగ్గర లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను యంత్రం మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి రంగు పడుతుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మొక్కల నుంచి తీసిన రంగులను వాటికి తిరిగి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. వంట ఆట ఆడే వయసు మనవరాలికి అక్కడి లక్కపిడతలు చక్కగా నప్పుతాయి. ప్రతిదీ నోట్లో పెట్టుకునే పసివాడికి మాత్రం అంత చిన్న వస్తువులు వద్దు, మింగలేనంత పెద్ద బొమ్మ చూడండి. కొనేముందు సహజ రంగులేనా అని అడగండి.

సంక్రాంతికి పిల్లలూ తోబుట్టువులూ ఇంటికొస్తారు. ఈసారి వాళ్లు తిరిగి బయల్దేరేలోగా ఒక్కొక్కరి కొలతా రాసి పెట్టుకోండి. ఉగాదికి ఏమివ్వాలో ఆ కాగితం చూసి తేల్చుకోండి.