తీయాలా, ఉంచాలా: ఒక రాడ్డు ఆత్మకథ

జమ్మలమడుగు దగ్గర నాపరాళ్ల గనిలో బండ జారి కాలు విరిగిన మనిషిని ప్రొద్దుటూరుకు తెచ్చేనాటికి నేను సైజుల వారీగా పేర్చిన స్టీలు పెట్టెలో ఉన్నాను. 34 సెంటీమీటర్ల పొడవు, 9 మిల్లీమీటర్ల మందం, పైకొసన చిన్న వంపు. అతని మంచి కాలు కొలిచి, ఎక్స్‌రే చూసి నన్ను ఎంచుకున్నారు. పుత్తూరు కట్టుకు తీసుకుపోదామని మామ పట్టుబట్టాడు. ఆ కట్టుతో కాలు బాగై నడుస్తున్నవాళ్లు వాళ్ల ఊళ్లోనే ఉన్నారు, ఆయన మాట తీసిపారేసేది కాదు. కానీ మోకాలి కింది పెద్ద ఎముక రెండు ముక్కలై ఒకదాని మీదికి ఒకటి ఎక్కింది. బయటి కట్టు దాన్ని నిలబెట్టలేదని డాక్టరు ఫిల్ము చూపించి చెప్పాక ఒప్పుకున్నాడు.

ఖర్చు ఆరోగ్యశ్రీ కార్డు మీద గడిచింది. 2007లో ఆ పథకం తెచ్చిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి పులివెందుల మనిషి, చదివింది వైద్యం. రాజకీయాల్లోకి పోకముందు కొన్నాళ్లు ఈ జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలోనే డాక్టరుగా చేశాడు, 1973లో పులివెందులలో తండ్రి పేరిట ఆసుపత్రి పెట్టాడు. కూలి మీద బతికే ఇంట్లో కాలు విరిగితే ఏమవుతుందో రోగి మంచం పక్కన నిలబడి చూసినవాడు కాబట్టే ఆ ఆలోచన వచ్చిందని నేను నమ్ముతాను.

నన్ను దించిన దారి గురించి చెప్పాలి, తర్వాతి కథంతా దాని మీదే నడిచింది. మోకాటి చిప్ప కింద, చిప్పను పట్టి ఉంచే బలమైన పట్టీ దగ్గర చిన్న కోత పెట్టారు. అక్కడ ఎముక తలకు బెజ్జం చేసి, మూలుగ ఉండే గొట్టంలోకి ముందు సన్నటి తీగ పంపారు. ఆ తీగ మీదుగా లోపలి దారిని తొలిచి వెడల్పు చేసి, నన్ను సుత్తితో మెల్లగా దించారు. మోకాలి దగ్గర రెండు స్క్రూలు, చీలమండ పైన రెండు స్క్రూలు అడ్డంగా వేసి నన్ను కదలకుండా చేశారు. 1939లో జర్మనీలోని కీల్‌లో క్యూంట్‌షర్ అనే డాక్టరు తొడ ఎముకలోకి మొదటిసారి మా వంశాన్ని ప్రవేశపెట్టాడు. యుద్ధంలో జర్మన్లకు చిక్కి, విడుదలై ఇల్లు చేరిన అమెరికా సైనికుల ఎక్స్‌రేల్లో తొడ పొడవునా లోహం కనిపించి అక్కడి డాక్టర్లు నివ్వెరపోయారు.

ఎముక త్వరగా అతుక్కోలేదు. కాలి కింది భాగంలో ఎముక మీద కండ తక్కువ, రక్తం అందేదీ తక్కువ. పైగా నా మనిషికి బీడీ అలవాటు. పొగ తాగేవాళ్లకు ఎముక ఆలస్యంగా కలుస్తుంది. డాక్టరు కోప్పడలేదు. "బీడీ మానేస్తేనే ఈ సందు నిండుతాది, నా చేతిలో ఉండేది సగమే" అన్నాడు. మానేశాడు. ఆ తర్వాత కింది స్క్రూలు రెండూ తీసేశారు. అట్లా తీస్తే అడుగు వేసినప్పుడల్లా రెండు ముక్కలూ ఒకదానికొకటి ఒత్తుకుంటాయి, ఆ ఒత్తిడికే కొత్త ఎముక పుడుతుంది. అప్పటిదాకా అతని బరువంతా నేనే మోశాను. సందులో మెత్తటి ఎముక పేరుకుని, గట్టిపడి, రోజురోజుకూ నా మీది భారాన్ని తను తీసుకోవడం నేను లోపలి నుంచే ఎరుగుదును. నా ఆయుష్షులో అంతకన్నా సంతోషం లేదు.

కర్ర వదిలేసి నడవడం మొదలైందో లేదో ఇంట్లో కొత్త ప్రశ్న పుట్టింది. పులివెందులలో చీనీ తోట ఉన్న అక్క ఫోను చేసింది.

"ఇనుము లోపలుంటే తుప్పు పడుతుందిరా, తీపిచ్చుకో. మా అత్త తుంటిలోది గూడా తీపిచ్చాలనుకుంటాండా."

"డాక్టర్ని అడగకుండా అత్తను కదిలించొద్దక్కా."

నేను తుప్పు పట్టను. నాలో క్రోమియం సుమారు 18 శాతం ఉంది, అది నా ఒంటి మీద కంటికి కనిపించని పొరై కాపాడుతుంది. నొప్పి, చీము, బయటికి పొడుచుకొచ్చిన స్క్రూ, ఇట్లాంటివేవీ లేకపోతే మాలాంటివాళ్లు జీవితాంతం లోపలే ఉండిపోవచ్చు. పక్కింటి పిల్లవాడి తొడలో వేసిన సన్నటి వంగే రాడ్లు మాత్రం ఏడాదిలోపే తీసేశారు. పిల్లల ఎముక వేగంగా పెరిగి కొసల్ని కప్పేస్తే తర్వాత తీయడం కష్టం. అక్క అత్త సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. గుల్లబారిన ఎముకలోంచి ఇనుము లాగితే అదే చోట మళ్లీ విరగొచ్చు, మత్తు ఇవ్వడం ఇంకో గండం.

నా మనిషికి మాత్రం నొప్పి ఉంది. గనిలో మోకాళ్ల మీద కూర్చుని ఉలి కొట్టాలి. మోకాలు బండకు ఆనించిన ప్రతిసారీ నేను దిగిన చోటే సలుపు. ఆ బాధకు కారణం నేనే అని తెలిసి లోపల ఉండటం ఎంత కష్టమో చెప్పలేను.

రెండో ఏడు సగమయ్యాక డాక్టరు దగ్గరికి పోయాడు. "స్లాబు గట్టిపడినాక సెంట్రింగు తీసేస్తాం గదా సార్, ఇదీ అంతే కదా?" అన్నాడు. డాక్టరు ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఎక్స్‌రే తీయించాడు. రెండు ఫిల్ముల్లోనూ విరిగిన చోట రెండేసి అంచులు వేలితో చూపించాడు. నాలుగూ కలిశాయి.

"తీయొచ్చు. కానీ తీస్తే మోకాటి నొప్పి పోతుందని మాట ఇయ్యలేను. కొందరికి పోతాది, కొందరికి తగ్గుతాది, కొందరికి అట్లనే ఉంటాది. తీసినాక కొన్ని వారాలు బరువులెత్తగూడదు. కూలి పోగొట్టుకోవడానికి తయారుగా ఉంటేనే రా. పాత ఆపరేషన్ కాగితాలు ఉండాయా?"

ఉన్నాయి. అతని భార్య డిశ్చార్జి కాగితాన్ని, దాని మీద అంటించిన నా స్టిక్కర్లను రేషను కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో దాచింది. ఆమెకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. నా తలలోని మరకు సరిపడే పనిముట్టు బిగిస్తేనే నన్ను పైకి లాగగలరు. కంపెనీ, రకం తెలియకపోతే డాక్టరు ఊహించుకుని పెట్టెలు తెప్పించుకోవాలి, స్క్రూ తల అరిగితే ఎముకను చెక్కాలి. కాగితం పోగొట్టుకున్నవాళ్లకు చిన్న ఆపరేషన్ పెద్దదవుతుంది.

ఆ ఇంట్లో రెండు రాత్రులు లెక్కలు నడిచాయి. పిల్లల బడి ఫీజు కట్టేశాక, గనిలో పని తగ్గే వానల్లో చేయించుకుందామని భార్యే తేల్చింది. ఎక్స్‌రే ఏం చెప్పినా చివరి మాట చెప్పాల్సింది ఆ ఇంటి లెక్కే. అది డాక్టరుకు కూడా తెలుసు, అందుకే తొందరపెట్టలేదు.

ముందు స్క్రూలు వచ్చాయి. తర్వాత నా తలకు కడ్డీ బిగించి వెనక్కి కొట్టారు. ఒక్క క్షణం ఎముక నన్ను వదల్లేదు, తర్వాత జారి బయటికి వచ్చాను. గాజుగుడ్డలో చుట్టి అతని చేతిలో పెట్టారు. మళ్లీ ఎవరికీ నన్ను వేయకూడదు, మా వాడకం ఒక్క మనిషితోనే సరి.

స్క్రూ బెజ్జాలు ఇంకా నిండలేదు కాబట్టి వానలు తగ్గేదాకా ఎగరడం, మూటలెత్తడం వద్దన్నారు. సలుపు చాలా తగ్గింది, గట్టి నేల మీద మోకాలు మోపితే కొంచెం ఉంటుంది. గనికి తిరిగి వెళ్లాక మేస్త్రీని అడిగి, నిలబడి బండలు కోసే యంత్రం దగ్గరి పనికి మారాడు. అక్క అత్తను ప్రొద్దుటూరు డాక్టరుకు చూపించారు. ఆమెది అట్లనే ఉంచమన్నాడు.